అంబలికి ముందు మాట

పనసపుట్టు నుంచి యర్రమ్మ వెంట పంతొమ్మిది మంది రోడ్డు పనికి బయల్దేరారు. ఆ లెక్క ఆమె పెట్టింది కాదు, ఊరి ఆడవాళ్ళు పెట్టింది. 1927 ఫాల్గుణం చివర్లో ఒక పొద్దున వాళ్ళు అరకు లోయ విడిచి ఘాటీ దిగే దారి మొదట్లో నిలబడ్డారు. పనికి పోయే ఒక్కో మనిషి తమను దాటుతుంటే ఒక్కో వెదురు పుల్ల విరిచారు. పద్నాలుగు మంది మగవాళ్ళు, అయిదుగురు ఆడవాళ్ళు. పుల్లలన్నీ నారతో కట్టి యర్రమ్మ చేతిలో పెట్టారు.

“పంతొమ్మిది మందిని అట్టుకెల్తన్నావు వదినా,” అంది ఆమె తమ్ముడు సుక్రు పెళ్ళాం. “వానలు పడకముందే పంతొమ్మిది మందినీ తేవాల. ఒక్కలు తగ్గినా నీ గుమ్మం ముందే కూకుంటాం.”

యర్రమ్మ ఆ కట్టను నడుముకు దోపుకుంది. ఆమెకు అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయి. మొగుడు పోయి ఆరేళ్ళయింది. గుంపుకి ఆమె పెద్దా కాదు, మేస్త్రీ కాదు. వంటమనిషి. పొద్దున్నే రాగి పిండితో చోడంబలి కాచడం, మధ్యాహ్నానికి గంజన్నం వండడం ఆమె పని. అయినా ఊరి ఆడవాళ్ళు కట్టను మగవాళ్ళెవరికీ ఇవ్వకుండా ఆమెకే ఇచ్చారంటే, దానికి కారణం ఉంది. కొండ మీది పోడు పంటకి పందుల కాపలా పన్నెండేళ్ళుగా ఆమె చేతిమీదే నడుస్తోంది. ఆ పన్నెండేళ్ళలో పంట పోయిన ఏడాది లేదు.

శృంగవరపుకోట వైపు నుంచి అరకుకి ఎడ్లబండి ఎక్కేలా రోడ్డు వేస్తున్నారు. పనసపుట్టు గుంపుకి ఏడో మలుపు వచ్చింది. అక్కడ కొండను ఒక పక్క నిలువుగా కోసి, రెండో పక్క లోయ వైపు రాతిగోడ కట్టాలి. గోడ వానలకి ముందే లేవాలి, లేకపోతే మొదటి వానకే వేసిన మట్టంతా లోయలోకి పోతుంది. మేస్త్రి పేరు సన్యాసిరావు. సాలూరు దగ్గరి పల్లెవాడు, రాతి కట్టుబడిలో చెయ్యి తిరిగినవాడు. కోపిష్ఠి, కానీ చెడ్డవాడు కాదు. కూలీలను కొట్టినట్టు ఎవరూ చెప్పుకోలేదు, ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. ఆయన మెడలో ఒక ఇత్తడి ఈల వేలాడేది. పొద్దున్నే ఈల వేస్తే అందరూ బారుగా నిలబడాలి. హాజరు పట్టీలో తలలు లెక్కపెట్టుకుని, చివర ఒక ప్రశ్న అడిగేవాడు.

“అంతా బాగేనా?”

“బాగే బాబూ,” అని పంతొమ్మిది గొంతులూ ఒక్కసారే పలికేవి. మళ్ళీ ఈల. పని మొదలు.

లోయలో బాగున్నావా అని ఎవరైనా అడిగితే బాగున్నానని చెప్పడమే మర్యాద. ఒళ్ళు కాలే జ్వరంతో ఉన్నా అదే జవాబు. లేదంటే, అడిగిన పాపానికి ఎదుటి మనిషి నెత్తిన బరువు పెట్టినట్టు. దానికితోడు, గూడెం వైపు జరిగిన పితూరీ అణగి అప్పటికి మూడేళ్ళే అయింది. పోలీసులు ఊరూరా తిరిగి ఏం చూశావు, ఎవరిని చూశావు అని అడిగిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. టోపీ ఉన్నవాడు ఏమడిగినా బాగే అనడం కొండల్లో అందరికీ నాలిక చివరే ఉండేది.

చైత్రంలో పదకొండో రోజున సుక్రు కాలు విరిగింది.

కొండను నిలువుగా కోసిన వైపును కోతగోడ అనేవాళ్ళు, దాని పైన పంది పరిమాణంలో ఒక బండ ఉండేది. సుక్రు దాని కింద తట్ట దించుకుని ఊపిరి తీసుకునేవాడు. మధ్యాహ్నం ఆ బండ దొర్లి ఎడమ పిక్క మీంచి పోయింది. డోలీ కట్టి శృంగవరపుకోట ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ఎముక అతికించి, బద్దలు కట్టి పంపారు. కొండెక్కి ఇంటికి పోలేడు కాబట్టి గుంపు ఉండే పాకలోనే పడుకోబెట్టారు. తమ్ముడి పక్కన కూర్చుని అంబలి పడుతూ యర్రమ్మ అసలు సంగతి రాబట్టింది. మూడు రోజులుగా ఆ బండ కింద నుంచి ఇసుక రాలుతోంది. సుక్రు చూస్తూనే ఉన్నాడు.

“మూడు రోజులు సూసినావు గదరా. ఏల సెప్పనేదు?”

“ఎవులడిగినారప్పా?”

“మేస్త్రిబాబు దినామూ అడుగుతాడు గదా.”

“నాను బాగున్నానా అని అడిగినాడు. నాను బాగే ఉన్నాను. రాయి బాగున్నాదా అని అడగనేదు.”

సుక్రు వేళాకోళానికి అన్న మాట కాదు. కాలు విరిగిన మనిషికి ఆ ఓపిక ఉండదు. పాక బయట కల్లు ముంత పట్టుకుని సన్యాసిరావు నిలబడి ఉన్నాడు, సుక్రుకి ఇద్దామని తెచ్చినట్టున్నాడు. ఆ మాట ఆయనా విన్నాడు. ముంత గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

యర్రమ్మ ఆ సాయంత్రం నడుం దగ్గరి కట్టను తడిమి చూసుకుంది. పుల్లలు పంతొమ్మిదీ ఉన్నాయి. బండ ఇంకాస్త ఇటు దొర్లి ఉంటే పద్దెనిమిది అయ్యేవి.

పోడులో ఇలా జరగదు. ఆమె తాత పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. మంచె మీద కాపలా కాసి దిగేవాడు, ఎక్కేవాడికి మాట అప్పజెప్పందే ఇంటికి పోకూడదు. నిలబడి కాదు, ఇద్దరూ కూర్చోవాలి. తనకేమనిపించిందో కాదు, ఏం చూశాడో చెప్పాలి. ఏ మూల కంచె వదులైంది, పంది అడుగులు ఎటు తిరిగాయి, ఏ మూల పంట వాలింది. విన్నవాడు అదంతా తిరిగి చెప్పాలి. అలా చెప్పాకే దిగినవాడి నోట్లోకి అంబలి. చెప్పించేది ఆకలే. ఇంటికి పోయాక చెప్పొచ్చులే అనుకున్న మాట ఎవరూ చెప్పరని తాత అనేవాడు.

మర్నాడు ఈల వేయకముందే ఆమె సన్యాసిరావు దగ్గరికి వెళ్ళింది.

“బారు తీయొద్దు బాబూ. అంబలి కాడ కూకోబెడదాం. ఒకలి తరువాత ఒకలు ఆల తావు సంగతి సెప్తారు. పక్కోలు మళ్ళీ సెప్తారు. అప్పుడు పోత్తాను అంబలి.”

“అంబలి కాడ సబ పెడతావా? మరి పనెవుడు సేత్తాడు, మీ బాబు సేత్తాడా?”

“మా బాబు పోయి పదేళ్ళయింది. ఆడిని పిలవనేం. మీరే ఒప్పుకోవాల.”

సన్యాసిరావు ఎదురుగా ఉన్న కొండ వైపు చూశాడు. దాని నడుం మీద ఒక తెల్ల బండ ఉంది. “పొద్దు ఆ తెల్లరాయి మీద పడేసరికి అందరూ గునపాలట్టుకోవాల. పది రోజులు సూత్తాను. ఆ పైన నా ఈల నాది.”

మొదటి మూడు రోజులు ఆ కూడిక నవ్వులపాలైంది. చెప్పమనేసరికి అందరూ అన్నీ చెప్పారు. ఒకామె కల చెప్పింది. ఒకడు గొడ్డలి పోయిన కథ తాత కాలం నుంచి మొదలుపెట్టాడు. గాసి అనే సమ్మెట దెబ్బలవాడు గుంపులో అందరికంటే మాటకారి. వాడు నోరు తెరిస్తే తక్కినవాళ్ళు ఆకు చుట్టలు ముట్టించి తీరిగ్గా వినేవాళ్ళు. తెల్లరాయి మీద పొద్దు పడింది, దాటింది, అంబలి గడ్డ కట్టింది. నాలుగో రోజు ఇంకోరకం తప్పు జరిగింది. గాసి మధ్యాహ్నం గోడ చాటున నిద్రపోయాడని ఎవరో అన్నారు. గాసి లేచాడు, అన్నవాడూ లేచాడు. ఆ తగువు తీర్చేసరికి సన్యాసిరావు ఈల మూడు సార్లు మోగింది.

యర్రమ్మ అయిదో రోజుకి పద్ధతి బిగించింది. మనిషి మాట ఎత్తకూడదు, తావు మాటే ఎత్తాలి. నిద్రపోయిన గాసి సంగతి వద్దు, గాసి తావులో రాయి ఎంత లేచిందో చాలు. మూడే మాటలు: నిన్న ఎక్కడ వదిలావు, పొద్దున వచ్చి ఏం చూశావు, నీకేం కావాలి. పనిలో ఎవరి పక్కన ఎవరుంటారో కూర్చోవడం కూడా అదే వరస. ఇద్దరికి పేచీ వస్తే, “మీరిద్దరూ అంబలి తాగినాక ఉండిపోండి, మిగతావోలు లెగండి” అనేది. అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి మొదట మాట్లాడాలి, మొదటి దొప్ప అంబలి కూడా వాళ్ళదే. చివరిది గాసిది.

“నాకేల సివర?” అని గాసి గొడవ పడ్డాడు.

“నువ్వు మాటలు తిని బతికీగలవు. ఆలు బతకనేరు,” అంది యర్రమ్మ.

అలా అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి పేరు కనక. కోతగోడ అడుగున ఒక ఊట ఉంది. దాని నీళ్ళు రెండు కుండల్లో పట్టి గుంపంతటికీ అందించడం ఆమె పని. ఒరియా దేశం పాడువా వైపు నుంచి పనసపుట్టుకి కోడలిగా వచ్చి ఏడేళ్ళయినా, తెలుగు ఇంకా నోట తిరగదు. తప్పు పలికితే గాసి లాంటివాళ్ళు పదిరోజులు అదే అంటూ ఆటపట్టిస్తారు, అందుకని నోరే విప్పదు. నీళ్ళని తన భాషలో పాణి అనేది, రోజూ ఆమె చెప్పేది ఒకటే. “పాణి ఉన్నాది. మంచి పాణి.” పక్కన కూర్చునే గాసి దాన్ని తిరిగి చెప్పేవాడు. “కనకమ్మ తావున పాణి ఉన్నాదట. మంచి పాణట.” నవ్వులు. తర్వాతి మనిషి.

పదిరోజులు అయ్యాయి, ఇరవై అయ్యాయి. సన్యాసిరావు గడువు మాట ఎత్తలేదు. ఒక సమ్మెట పిడి వదులైందన్న మాట పొద్దున్నే వచ్చింది, అది ఎవరి నెత్తి మీదా పడలేదు. గోడ వెనక పోసిన మట్టి కుంగిందన్న మాట వచ్చింది, ఒక వరస విప్పి మళ్ళీ కట్టారు. ఏ రోజూ పెద్దది ఏమీ జరగలేదు. కూర్చున్నందుకు దక్కిన ఫలం అదే, అందుకే అది చాలామందికి కనపడలేదు. సన్యాసిరావు మాత్రం కూర్చోలేదు. పది అడుగుల దూరంలో గోడ మట్టం చూస్తున్నట్టు నిలబడేవాడు. ఆయన వంట వేరు, పళ్ళెం వేరు. కానీ సమ్మెట పిడి మాట వచ్చిన రోజు, ఎవరూ అడక్కుండానే కొత్త పిడి తెచ్చి గాసి ముందు పడేశాడు. తిరిగి తన చోటికి వెళ్ళి మళ్ళీ మట్టం చూశాడు.

వైశాఖం దాటింది. గోడ నడుం ఎత్తు లేచింది. రోడ్ల పని తనిఖీ చేసే దొర వస్తున్నాడని కబురొచ్చింది. ఆ ముందు రోజు సాయంత్రం తొలి జల్లు పడింది, పావుగంట గట్టిగానే కురిసింది.

దొర వచ్చే రోజు పొద్దున కనక మొదట మాట్లాడాలి. ఖాళీ దొప్పను చేతిలో అటూ ఇటూ తిప్పింది. సన్యాసిరావు తలపాగా సర్దుకుంటూ, “బేగి, బేగి, ఇయ్యాల కుదరదు,” అని అవతల నుంచి కేకేశాడు.

“పాణి నేదు,” అంది కనక.

గాసి నవ్వు ఆపుకోలేదు. “కనకమ్మ తావున ఇయ్యాల పాణి నేదట. కనకమ్మ లెగనేదేటో, ఊట కూడా లెగనేదు!”

అందరూ నవ్వారు. కనక తల దించుకుంది. యర్రమ్మ చేతిలోని ఆనపబుర్ర గరిటె కుండ మీద ఆగింది.

“గాసీ, మళ్ళీ సెప్పు. నవ్వకండా సెప్పు.”

“సెప్పినాను గదా. నిన్న రేతిరికి ముందు వాన పడింది. ఇయ్యాల ఊటలో నీళ్ళు...” గాసి అక్కడ ఆగిపోయాడు. తన నోటితో తనే అన్న మాట వాడికి అప్పుడు వినపడింది. “వాన పడినాక ఊట ఆగిపోనాది,” అన్నాడు నెమ్మదిగా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఎండలు మండిన రోజుల్లో ఆగని ఊట, వాన పడ్డాక ఆగింది. నీళ్ళు ఎటో పోయి ఉండాలి. కింద రాలేదంటే కొండ లోపలే ఉన్నాయి. కొండ లోపల అవి ఏం చేస్తున్నాయో యర్రమ్మకీ తెలీదు. కానీ కంచె దగ్గర రోజూ వినపడే కప్పల చప్పుడు ఆగిన రోజు మంచె దిగకూడదని ఆమెకు తెలుసు. ఈ సంగతీ అలాంటిదే అనిపించింది.

“ఏడో మలుపు కిందకి ఇయ్యాల ఎవులూ ఎల్లొద్దు,” అంది.

సన్యాసిరావు నాలుగంగల్లో వచ్చాడు. “మతుండే మాటాడుతున్నావా యర్రమ్మా? దొర వత్తన్నాడు. ఊటలో నీళ్ళు నేవని పని ఆపీసినామని సెప్పమంటావా?”

“సుక్రుగాడి రాయి గురించి మీకు ఎవులూ సెప్పనేదు బాబూ. ఇది సెప్పినారు.”

ఆయనకు కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. కానీ పాక వైపు ఒకసారి చూశాడు. సుక్రు గుంజకు ఆనుకుని, బద్దల కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. “మద్యానం దాకా పైన కంకర కొట్టండి,” అని విసురుగా అని వెళ్ళాడు.

మధ్యాహ్నం దాకా కొండ కదల్లేదు. దొర గుర్రం మీద వచ్చాడు. ఖాళీగా ఉన్న ఏడో మలుపు చూసి కారణం అడిగాడు. సన్యాసిరావు చెప్పాడు. దొర ఊట వైపు చూశాడు, కోతగోడ వైపు చూశాడు, అందరికీ వినపడేలా తెలుగులోనే అన్నాడు. “నీళ్ళు మోసే ఆడది చెప్తే నా రోడ్డు ఆగాలా? రేపు పొద్దున ఈ గోడ దగ్గర మనుషులు కనపడాలి. లేకపోతే ఎల్లుండి ఇక్కడ వేరే మేస్త్రి కనపడతాడు.”

కనక ఆ రోజు అన్నం తినలేదు. ఆడవాళ్ళలో ఒకరిద్దరు, మేస్త్రిబాబుకి నీ వల్లే మాట వచ్చిందని ఆమెకు చెప్పకుండా ఉండలేకపోయారు. పొద్దు వాలేవేళ సన్యాసిరావు గోడ కట్టే నూలుదారం ఉండ, రెండు ఇనప మేకులు, సుత్తి పట్టుకుని కోతగోడ పైకి ఒక్కడే ఎక్కడం యర్రమ్మ చూసింది. దేనికో తెలీలేదు.

మర్నాడు పొద్దున అందరూ వచ్చి కూర్చున్నారు. కనక మొదలుపెట్టాలి.

“బాగే,” అంది కనక.

“కనకమ్మ తావు బాగే,” అన్నాడు గాసి. “నా తావూ బాగే.”

ఆ పక్కవాడు బాగే అన్నాడు. ఆ పక్కామె బాగే అంది. మాట పాములా పాక్కుంటూ వరసంతా తిరిగింది. కూర్చున్నారన్న మాటే గానీ బారులో నిలబడి చెప్పిన జవాబే అది. యర్రమ్మ గరిటె ముంచలేదు. వాళ్ళని తిట్టడానికీ ఆమెకు నోరు రాలేదు. ఈ రోజు పని ఆపితే మేస్త్రి పోతాడు. కొత్త మేస్త్రి వస్తాడు, వాడి ఈల వాడికుంటుంది, అంబలి దగ్గర కూర్చోనివ్వడు. పని ఆపకపోతే పంతొమ్మిది మందీ ఆ కోతగోడ కిందికి వెళ్తారు. ఆమె చెయ్యి తనకు తెలీకుండానే నడుం దగ్గరి కట్ట మీదికి పోయింది. అంబలి మీద మీగడ కడుతోంది. ఎదురు కొండ మీద వెలుగు తెల్లరాయికి జానెడు దూరంలో ఉంది.

సన్యాసిరావు వచ్చాడు. ఈల వేస్తాడనుకున్నారు. ఆయన తిన్నగా వచ్చి, గాసికీ కనకకీ మధ్య ఉన్న సందులో, మట్టిలో, పంచె మడిచి కూర్చున్నాడు. గాసి ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

“నా తావు సంగతి సెప్తాను,” అన్నాడు ఆయన. “ఏడో మలుపు పైన, పొదల ఎనకాల, నేల పగిలి ఉన్నాది. ఏలు పట్టే అంత. నిన్న సాయంత్రం పగులికి ఇటొక మేకు, అటొక మేకు కొట్టి దారం కట్టినాను. ఒదులుగానే కట్టినాను. ఇయ్యాల తెల్లారి సూసినాను. దారం తెగిపోనాది.”

మేస్త్రి మాటను తిరిగి చెప్పాల్సింది పక్కనున్న మనిషి. పక్కనున్నది కనక. ఆమె యర్రమ్మ వైపు చూసింది, యర్రమ్మ తల ఊపింది.

“మేస్త్రిబాబు తావున నేల పగిలింది,” అంది కనక, ఒక్కో మాటా ఏరుకుంటూ. “దారం కట్టినాడు. ఒదులు దారం. తెల్లారి తెగింది.”

“అదే,” అన్నాడు సన్యాసిరావు. “సరిగ్గా సెప్పినావు.”

యర్రమ్మ అందరినీ అడిగే మూడో మాట ఆయన్నీ అడిగింది. “మీకేటి కావాల బాబూ?”

“ఎవులూ ఆ కిందకి ఎల్లకూడదు. దొరకి నాను సెప్పుకుంటాను.” తర్వాత యర్రమ్మ వైపు చెయ్యి చాచాడు. “ఒక దొప్ప అంబలి కావాల.”

మేకుల సంగతి దాచి ఉంటే ఆయన ఉద్యోగం ఆయనకుండేది. ఎవరికీ తెలిసేది కాదు. యర్రమ్మ దొప్ప నింపి ఇస్తున్నప్పుడు అంబలి అంచు దాటి పొర్లిందని గాసి తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. గాసి చెప్పేవాటిలో సగం కల్పితమే గానీ, అది నిజమని ఆమె కూడా ఒప్పుకునేది.

పొద్దు నడినెత్తికి రాకముందే కొండ దిగింది. ముందు బట్ట చింపుతున్నట్టు సన్నటి చప్పుడు వచ్చింది. తర్వాత పొదలు, చెట్లు నిలబడినవి నిలబడినట్టే కిందికి జారాయి. ఆ వెనక నల్లటి నీళ్ళు, బురద, బండలు. నడుం ఎత్తు లేచిన గోడ రెండు నెలల పనిని మోసుకుని లోయలోకి వెళ్ళిపోయింది. దుమ్ము అణగాక చూస్తే ఏడో మలుపు లేదు. కనక కుండలు రెండూ ఊట దగ్గరే వదిలేసి ఉన్నాయి, అవి పోయాయి. మనుషులెవరూ పోలేదు. అందరూ కంకర కుప్పల మీద నిలబడి చూస్తున్నారు. యర్రమ్మ ఒక్కొక్క మనిషినీ వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టింది. పాకలో ఉన్న సుక్రుతో కలిపి పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. మూడోసారి సన్యాసిరావుని కూడా కలిపింది.

దొర రెండు రోజుల తర్వాత వచ్చాడు. గుర్రం దిగి అంచు దాకా నడిచాడు. నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు, ఏం రాశాడో ఎవరికీ చెప్పలేదు. తప్పయిందని అనలేదు. వేరే మేస్త్రి మాట కూడా ఎత్తలేదు. ఆ ఏడు ఏడో మలుపు దగ్గర రోడ్డు ఆగిపోయింది. మరుసటి ఏడాది కొండను ఏటవాలుగా కోసి, నీళ్ళు పోవడానికి తూము పెట్టి మళ్ళీ కట్టారు.

కొండ దిగిన మర్నాడు పొద్దున మొదటి దొప్ప కనకది. ఆమె దాన్ని అందుకుని పక్కకు జరిపి, సన్యాసిరావు ముందు పెట్టింది. ఆయన వద్దనబోయి, దొప్ప ఎత్తి ఒక గుక్క తాగాడు.

“నీ మాట వల్ల ఇంత మంది మిగిలినారు కనకా,” అన్నాడు. “నా పిల్లలకి సెప్తాను నీ పేరు.”

“నాను పాణి మాటే సెప్పినాను బాబూ,” అంది కనక.

“పాణి మాట కాదు, బంగారం మాట,” అని గాసి అందుకోబోయాడు. “నీది సివరి దొప్ప, నోరు ముయ్యి,” అంది యర్రమ్మ. ఆ రోజు అందరూ కడుపారా నవ్వారు, కనక కూడా.

యర్రమ్మ తర్వాత ఇంకో ఆరు ఎండాకాలాలు రోడ్డు పనులకు వెళ్ళింది. ప్రతిచోటా అంబలికి ముందు మాట నడిపింది. సన్యాసిరావు సాలూరు వైపు వంతెన పనికి మారాక, అక్కడ తన గుంపుని కూడా పొద్దున్నే కూర్చోబెట్టేవాడని, ముందు తన తావు సంగతే చెప్పేవాడని విన్నవాళ్ళు చెప్పారు. సంతకు ఎవరైనా ఇటు వస్తే యర్రమ్మకు ఒక కట్ట పొగాకు పంపేవాడు. ఆమె దాన్ని కాల్చే ముందు ఆయన పేరు ఒకసారి అనుకునేది. తాత పేరు, కనక పేరు కూడా.

ఆ మొదటి ఏడు మాత్రం వాళ్ళు జ్యేష్ఠంలో, మబ్బులు ఘాటీ మీదికి ఎక్కుతుండగా ఊరు చేరారు. సుక్రు కర్ర మీద వాలి అందరికంటే వెనక నడిచాడు. దారి మొదట్లో ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. సుక్రు పెళ్ళాం ముందుకొచ్చి, మెడ చాచి వెనక్కి చూస్తూ అడిగింది.

“వదినా, అంతా బాగేనా?”

గుంపులో మొదట గాసి నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఆడవాళ్ళకు ఆ నవ్వు అర్థం కాలేదు. యర్రమ్మ బుట్ట దించి, దారి మధ్యలోనే చతికిలబడి, నడుం నుంచి పుల్లల కట్ట తీసి నారముడి విప్పింది.

“నిలబడి అడక్కండి. కూకోండి,” అంది. “ఒకలి తరువాత ఒకలు సెప్తారు.”

ఆడవాళ్ళు కూర్చున్నారు. సుక్రు కుంటుకుంటూ ముందుకొచ్చి, పెళ్ళాం ఎదురుగా కర్ర పక్కన పెట్టి, కాలు చాపి కూర్చున్నాడు.

“ఎడం కాలు ఇరిగింది,” అన్నాడు. “అతికింది, రవంత వంకరగా. మిగతాది ఉన్నాది. నాకేటి కావాలంటే, అంబలి కావాల.”

ఆమె కళ్ళు తుడుచుకుని, అతను చెప్పింది అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్పింది. ఎవరూ నేర్పకుండానే. యర్రమ్మ మొదటి పుల్ల ఆమె చేతిలో పెట్టి, రెండోది అందుకుంది.